ఒక్క గ్లూకోజు మీద ఆధారపడిన తనిఖీ

కొత్త ప్రొటీన్ గొలుసు కణంలో ప్రొటీన్లు మడతపడే గది అయిన ఎండోప్లాస్మిక్ రెటిక్యులంలోకి దిగుతుండగానే దానిలోని ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లానికి 14 చక్కెరల కొమ్మ తగులుకుంటుంది. అందులో 3 గ్లూకోజులు. రెండింటిని ఎంజైములు వెంటనే కోసేస్తాయి. మిగిలిన ఆ ఒక్కటే, మడతకు సాయపడే ప్రొటీన్లయిన కాల్‌నెక్సిన్, కాల్‌రెటిక్యులిన్‌లకు పట్టు. అవి పట్టుకుని ఉన్నంతసేపూ ఈఆర్‌పీ57 అనే ఎంజైము, మడతను నిలిపే డైసల్ఫైడ్ బంధాలు కుదురుస్తుంది. చివరి గ్లూకోజునూ గ్లూకోసిడేజ్-2 కోసేశాక ప్రొటీన్ విడుదలవుతుంది.

అసలు తనిఖీ అప్పుడు మొదలవుతుంది. లోపల దాగాల్సిన, నీరు గిట్టని భాగాలు ఇంకా బయటికి కనిపిస్తుంటే యూజీజీటీ అనే ఎంజైము గ్లూకోజును మళ్లీ అతికిస్తుంది. ప్రొటీన్ తిరిగి కాల్‌నెక్సిన్ దగ్గరికే. మడత కుదిరితే యూజీజీటీ దాన్ని ముట్టుకోదు, అది తర్వాతి మజిలీ అయిన గాల్జీకి వెళ్తుంది. ఎన్నిసార్లు తిరిగినా కుదరనిదానికి కొమ్మలోని మానోజ్ చక్కెరలు ఒక్కొక్కటిగా తరిగిపోతాయి. గడువు తీరిందనడానికి అదే గుర్తు. ఇక బయటికి లాగడం, నాశనానికి గుర్తుగా యుబిక్విటిన్ తగిలించడం, ప్రొటియాసోమ్‌లో ముక్కలు చేయడం.

ఇక్కడ ఆకారానికే పరీక్ష, పనితనానికి కాదు. సిస్టిక్ ఫైబ్రోసిస్‌లో అదే బాధ. కణం పైపొరలో క్లోరైడ్‌ను పంపే సీఎఫ్‌టీఆర్ ప్రొటీన్‌లోని 1480 అమైనో ఆమ్లాల్లో 508వ ఫినైల్ అలనైన్ ఒక్కటి పోతే చాలు, దాదాపు మొత్తం నాశనమవుతుంది. కణాలను 27 డిగ్రీల దగ్గర పెంచితే మాత్రం కొంత పైపొరకు చేరి క్లోరైడ్‌ను పంపిస్తుందని 1992లోనే చూపించారు.

విశాఖలో ఈ ప్రయోగం చేసేవాళ్లు ఇంక్యుబేటర్ విషయంలో జాగ్రత్త. మే నెలలో గదే 32 డిగ్రీలుంటే, హీటర్ మాత్రమే ఉన్న పెట్టె 27కి దిగదు. కూలింగ్ ఉన్నదే వాడండి, లోపల వేరే థర్మామీటర్ పెట్టి చూడండి.

తర్వాత లైసేట్‌ను (కణాలను పగలగొట్టిన ద్రవాన్ని), గాల్జీలో మారని చక్కెర కొమ్మలనే కోసే ఎండో హెచ్ ఎంజైముతో పీహెచ్ 6 దగ్గర, 37 డిగ్రీల్లో గంటసేపు ఉంచండి. రెటిక్యులంలో చిక్కుకున్న ప్రొటీన్ తాలూకు, జెల్‌లో సుమారు 150 కిలోడాల్టన్ల దగ్గరుండే బ్యాండు కిందికి జారాలి. గాల్జీ దాటిన, 170 పైనుండే బ్యాండు కదలకూడదు. ఏదీ కదలకపోతే ఎంజైము చచ్చిందేమో చూడాలి. అందుకే పక్కన, రెండు రకాల కొమ్మలనూ కోసే పీఎన్‌గేజ్-ఎఫ్ ఎంజైము ట్యూబు తప్పనిసరి, దానికి రెండూ జారాలి. ఎస్‌డీఎస్ డిటర్జెంట్ ఉంటే పీఎన్‌గేజ్-ఎఫ్ పనిచేయదు కాబట్టి దాన్ని అణిచే మరో డిటర్జెంట్ ఎన్‌పీ-40ని 1 శాతం కలపండి. జెల్‌కి ముందు శాంపిల్‌ను మరిగించొద్దు, 37 డిగ్రీలు చాలు. మరిగిస్తే సీఎఫ్‌టీఆర్ ముద్దకట్టి వెల్‌లోనే ఆగిపోతుంది. అప్పుడు ఖాళీ లేన్ చూసి ప్రొటీనే తయారవలేదనుకుంటారు.