పట్టు చిక్కని ఆయిల్ ఫిల్టర్

గత ఆదివారం బెంగళూరు రామమూర్తినగర్‌లోని మా ఇంటి ముందు, పదేళ్ల మా కారుకు నేనే ఆయిల్ మార్చాలని పూనుకున్నాను. చేసిన మొదటి పొరపాటు పాత ఆయిల్‌ను ముందుగా దింపేయడం. ఆయిల్‌ను వడగట్టే రేకు డబ్బా, అంటే ఫిల్టర్, కదులుతుందో లేదో చూసుకున్న తరువాతే, ఆయిల్ దింపే డ్రెయిన్ బోల్టు విప్పాలి. లేకపోతే మెకానిక్ దగ్గరికి నడుపుకుపోయే దారి కూడా ఉండదు. ఫిల్టర్ విప్పే పానా కోసం జె.సి. రోడ్డు దాకా బస్సులో పోయి వచ్చే ఓపిక ఆ ఎండలో నాకు లేదు.

ఫిల్టర్ కదలలేదు. పోయినసారి దాన్ని బిగించినవారు రబ్బరు వాషరుకు ఆయిల్ రాయలేదేమో. పొడిగా కూర్చున్న రబ్బరు నెలల తరబడి ఇంజన్ వేడికి గట్టిపడి లోహానికి అతుక్కుపోతుంది.

మొదట నా తోలు బెల్టునే ఉచ్చులా ఫిల్టర్‌కు వేసి లాగాను. ఎంత లాగినా అది జారుతూనే ఉంది. పక్కింటి పెద్దాయన, మదనపల్లెలో చాలా ఏళ్లు లారీలు బాగుచేసినవారు, కాసేపు చూసి, "నాయనా, నువ్వు విప్పుతున్నావా, బిగిస్తున్నావా?" అని అడిగారు. కిందికి వేలాడే ఫిల్టర్‌ను కింద పడుకుని చూస్తే అపసవ్యంగా తిప్పాలి. బానెట్ లోపలికి వంగి పైనుంచి చూస్తే అదే తిప్పు సవ్యంగా కనబడుతుంది. నేను పైనుంచి చూస్తూ, అరగంటగా దాన్ని శ్రద్ధగా బిగిస్తున్నానన్నమాట.

దిక్కు సరిచేసుకున్నా బెల్టు జారడం మానలేదు, ఎందుకంటే లోపం బలంలో కాదు, పట్టులో ఉంది. డబ్బా మీది జిడ్డును సబ్బునీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, గరుకువైపు లోపలికి వచ్చేలా ఎమరీ పేపరు చుట్టి చేత్తో తిప్పాను. రవ్వంత కదిలినట్టు అనిపించింది కానీ, ఆ ఇరుకులో మణికట్టు తిరగలేదు. స్క్రూడ్రైవర్ దిగగొట్టి తిప్పుదామంటే పెద్దాయన ఒప్పుకోలేదు. రేకు పలచన, మొండికేసిన ఫిల్టర్ తిరగడానికి బదులు ఆ రేకే చీరుకుపోతుంది. ఒకసారి చిల్లు పడితే, అది ఊడేదాకా వెనక్కి పోలేము.

ఆయన తెప్పించింది పాత సైకిల్ ట్యూబు. దాన్ని నిలువునా కోసి, ఆ రబ్బరు పట్టీని ఫిల్టర్‌కు రెండు చుట్లు చుట్టి, రెండు కొసలనూ కలిపి జానెడు ఇనుప గొట్టానికి మెలిపెట్టాము. తిప్పేకొద్దీ పట్టీ బిగుసుకుంటుంది, బిగుసుకునేకొద్దీ పట్టు పెరుగుతుంది. చుట్లు డబ్బా కొసన కాకుండా ఇంజన్‌కు ఆనుకునే అంచు దగ్గర వేయించారు. అక్కడ దళసరి పలక ఉంటుంది కాబట్టి రేకు నొక్కుకుపోదు. రెండో ప్రయత్నానికి కిర్రుమని వదిలింది.

ఊడివచ్చిన ఫిల్టర్‌కు వాషరు లేదు. అది ఇంజన్‌కే అతుక్కుని ఉంది! గమనించక దాని మీదే కొత్తది బిగించి ఉంటే, రెండు వాషర్ల సందులోంచి ఆయిలంతా కారిపోయేది. గోటితో ఒలిచి, ఆనే చోటు తుడిచి, కొత్త ఫిల్టర్ వాషరుకు ఆయిల్ రాసి, అది తాకిన తరువాత డబ్బా మీద రాసి ఉన్నట్టు ముప్పావు చుట్టు, చేత్తోనే తిప్పాను. ఆయిల్ పోసి ఇంజన్ తిప్పితే, క్షణాల్లో ఆయిల్ ఒత్తిడి తెలిపే ఎర్ర దీపం ఆరింది. కింద చుక్క లేదు. ట్యూబు పట్టీ, గొట్టం ఇప్పుడు డిక్కీలో జాకీ పక్కనే ఉంటున్నాయి. బెల్టుకు మాత్రం ఆయిల్ వాసన ఇంకా వదలలేదు.