సోమశిల నీటి మీద సుహైలి ముచ్చట

కొల్లాపూర్ నుంచి సోమశిలకు చేరేసరికి ఎండ ఎక్కింది. లలితా సోమేశ్వరస్వామి దర్శనం చేసుకుని, మెట్లు దిగి కృష్ణ ఒడ్డుకు వచ్చాం. జలాశయం నిండుగా ఉండటంతో అవతలి సంగమేశ్వరం గుడి ఇంకా నీళ్లలోనే ఉంది. అయినా అక్కడిదాకా వెళ్లి వద్దామని మరబోటు ఎక్కాం. నాతో వచ్చిన మా మేనమామ పడుచుతనంలో పాలమూరు కూలీల వెంట బొంబాయికి వలసపోయి, రేవులో చాలాకాలం బరువులు మోసినవాడు.

నడినీటిలో ఎదురుగాలి లేచింది. పక్కనున్న చేపల పుట్టి ప్రతి అలకూ ఎగిరిపడుతూ, తెడ్డు ఆగిన మరుక్షణమే గిర్రున తిరుగుతోంది. జనంతో నిండిన మా బోటు మాత్రం మెల్లగా ఒకవైపు ఒరిగి, అంతే మెల్లగా సర్దుకుంటోంది. తిరుగు ప్రయాణంలో సగం మంది అవతలి ఒడ్డునే దిగిపోయారు. అప్పుడు అదే బోటు అంతకంటే చిన్న అలలకే కడుపులో తిప్పింది.

ఆ తేడా చూశాకే మామకు సుహైలి అనే పడవ గురించి చెప్పాను. నార్వే జాలర్లను తుపానుల్లో కాపాడేందుకు కోలిన్ ఆర్చర్ రూపొందించిన పడవల ఒరవడిలో, అమెరికాలో విలియం ఆట్కిన్ ఎరిక్ అనే నమూనా గీశాడు. ఆ నమూనా ప్రకారం బొంబాయిలో టేకుతో కట్టిన, చాలా బరువైన 32 అడుగుల తెరచాప పడవ సుహైలి. ముందూ వెనకా మొనదేలి, అడుగున పొడవునా లోతుగా దిగిన వెన్నుదూలంతో ఉంటుంది. బ్రిటిష్ నావికుడు రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ 1968 జూన్ 14న ఇంగ్లండ్‌లోని ఫాల్మత్ నుంచి దానిలో ఒంటరిగా బయలుదేరి, ఎక్కడా రేవు పట్టకుండా భూమిని చుట్టి, 312 రోజులకు అక్కడికే చేరాడు. అలా ఒంటరిగా, ఆగకుండా భూమిని చుట్టే పోటీకి దిగిన తొమ్మిది మందిలో పూర్తిచేసింది ఆయనొక్కడే.

"గంత బరువైతే మునగదా, అల్లుడా?"

పడవ తన బరువుకు సమానమైన నీటిని పక్కకు నెట్టి తేలుతుందని, బరువైనది లోతుగా కూర్చుంటుంది కనుక అల తాకిడికి తొందరపడి కదలదని, నెలల తరబడికి సరిపడా తిండీ నీళ్లూ ఎత్తినా దాని నడక పెద్దగా చెడదని వివరించాను. అందుకు చెల్లించే మూల్యం వేగం. సుహైలి సగటున గంటకు నాలుగు నాటికల్ మైళ్లే నడిచింది. నిజానికి సోమశిల సన్నగాలికి అలాంటి పడవ దండగే.

మామ కాసేపు బోటు అంచు చెక్కను వేళ్లతో తడిమాడు.

"నేను బొంబాయి పోకముందు ముచ్చట అది. ఆ టేకు దుంగలు ఎవరు మోసిన్రో," అని, ఒడ్డు తగలగానే చెప్పులు చేత పట్టుకుని నీళ్లలోకి దిగాడు.