వారానికో ఇంజెక్షన్: నాకు ఏది సరిపడుతుందో ఎలా తేలిందంటే

షుగర్ వచ్చి తొమ్మిదేళ్లు. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ మాత్రలు వేసుకుంటున్నా హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 8.6 నుంచి దిగలేదు. బరువు 94 కిలోలు. వారానికోసారి వేసుకునే ఇంజెక్షన్ మొదలుపెడదాం అన్నారు డాక్టరుగారు. సెమాగ్లూటైడ్ (ఓజెంపిక్) కావాలా, టిర్జెపటైడ్ (మౌంజారో) కావాలా, ఆలోచించుకుని రమ్మన్నారు.

నేను ముందు చూసింది బరువు లెక్కే. రెండింటినీ నేరుగా పోల్చిన పరిశోధన ఫలితాలు 2025లో వచ్చాయి. 72 వారాల్లో టిర్జెపటైడ్‌తో సగటున 20 శాతం, సెమాగ్లూటైడ్‌తో 14 శాతం దాకా బరువు తగ్గింది. ఇంకేముంది, మౌంజారోయే అనుకుని వెళ్లాను.

"అందులో షుగర్ ఉన్నవాళ్లు లేరండీ. షుగర్ ఉంటే అంత తగ్గదు. పైగా మీకు స్టెంట్ ఉంది" అన్నారాయన. షుగరూ గుండె జబ్బూ రెండూ ఉన్నవాళ్లలో గుండెపోటు, పక్షవాతం ముప్పును సెమాగ్లూటైడ్ తగ్గించిందని వివరించారు. ఆ మాటతో నా మనసు మారింది. మొదలుపెట్టే మోతాదు సెమాగ్లూటైడ్‌కి 0.25 మిల్లీగ్రాములు, టిర్జెపటైడ్‌కి 2.5 అని చూసి రెండోది పది రెట్లు ఘాటనుకున్నాను. వేర్వేరు మందుల మిల్లీగ్రాములను అలా పోల్చకూడదట.

అయినా వెంటనే రాయలేదు. ముందు కళ్లు చూపించుకోమన్నారు. చాలాకాలం ఎక్కువగా ఉన్న షుగర్ ఒక్కసారిగా పడిపోతే, అప్పటికే దెబ్బతిన్న రెటీనా (కంటి లోపలి వెనక పొర) ఇంకా పాడవ్వొచ్చు. నా కుడికంట్లో చిన్న రక్తపు చుక్కలు కనిపించాయి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మెల్లగా పెంచుకుంటూ వెళ్తే, మూడు నెలలకోసారి చూస్తుంటే పర్వాలేదని కళ్ల డాక్టరు చెప్పాకే ధైర్యం వచ్చింది. ఈ పరీక్ష మాత్రం ఎవరూ వాయిదా వేయొద్దు.

లో షుగర్ రాకుండా గ్లిమెపిరైడ్ సగానికి తగ్గించారు. 0.25తో నాలుగు వారాలు హాయిగా గడిచాయి. అది శరీరానికి అలవాటు చేయడానికే. 0.5కి వెళ్లగానే వికారం. మూడో రోజు రెండుసార్లు వాంతి అయింది. మానేద్దామనే అనుకున్నాను. ఫోన్ చేస్తే, ఇప్పుడప్పుడే పెంచొద్దు, ఇక్కడే ఉందాం అన్నారు. కడుపు నిండినట్టు అనిపించగానే కంచం ముందు నుంచి లేవడం, నూనె వస్తువులు మానడం, కొంచెం కొంచెంగా నీళ్లు తాగడం నేర్చుకున్నాను. పది రోజులకు సర్దుకుంది.

ఆరు నెలలైంది. హెచ్‌బీఏ1సీ 7.2, బరువు 88. గ్లిమెపిరైడ్ పూర్తిగా ఆపేశారు. కంట్లో చుక్కలు పెరగలేదు. ఇంకా 0.5 మీదే ఉన్నాను.