బావిలో నేర్చిన ఊపిరి

కడప జిల్లా వేంపల్లె దగ్గర ఉన్న మా ఊళ్లో ఈత నేర్చుకోవడమంటే, నడుముకు ఖాళీ ప్లాస్టిక్ డబ్బా కట్టించుకుని చిన్నాయన చేత మోట బావిలోకి తోయించుకోవడమే. ఎనిమిదేళ్లకు నాకు ఆ పని అయిపోయింది. డబ్బా విప్పేశాక పిల్లల మధ్య మిగిలిన పందెం ఒక్కటే: మునిగి, బావి అడుగు తాకి, పిడికెడు బంకమట్టితో పైకి రావాలి. ఖాళీ పిడికిలితో వస్తే మాట చెల్లదు. ఊపిరి ఎంతసేపు బిగబడితే అంత మొనగాడని నేర్పింది ఆ బావే. దాన్ని మరిచిపోవడానికి నాకు పదిహేనేళ్ల తరువాత పుదుచ్చేరిలో నాలుగు రోజులు పట్టింది.

సముద్రాన్ని మొదట చూసింది పద్నాలుగో ఏట, నెల్లూరు దగ్గరి మైపాడులో. ఇంటిల్లిపాదీ అలల్లో కేరింతలు కొడుతుంటే నాకు బావి పందెమే గుర్తుకు వచ్చింది: దీని అడుగు ఎక్కడ ఉంటుంది, అక్కడి మట్టి ఎలా ఉంటుంది? ఉద్యోగంలో చేరి నాలుగు డబ్బులు వెనకేసుకున్నాక, స్కూబా డైవింగ్ మొదటి కోర్సుకు బయలుదేరాను. "నీళ్లు లేని సీమలో పుట్టి సముద్రంలో మునిగేదానికి పోతాండావా?" అన్నది అవ్వ. ఆపలేదు గానీ, చేతికి ఎర్రదారం కట్టి పంపింది.

మా ఊళ్లో అందరూ అనుకునేటట్టు డైవర్ వీపున ఉండేది ఆక్సిజన్ సిలిండర్ కాదు. అందులో ఉన్నది మనం రోజూ పీల్చే గాలే. దాన్ని సుమారు 200 బార్ల ఒత్తిడికి కుదించి నింపుతారు. నోట్లో పెట్టుకునే రెగ్యులేటర్ మనం పీల్చినప్పుడు మాత్రమే, చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికి సరిపడేటట్టు గాలిని అందిస్తుంది. 1943లో ఫ్రాన్సులో జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ కలిసి రూపొందించిన పరికరంతో ఈ పద్ధతి వ్యాప్తిలోకి వచ్చింది.

నాకు చిక్కు వచ్చింది ఆ రెగ్యులేటర్ దగ్గరే. ఈత కొలనులో శిక్షకుడు దాన్ని నోట్లోంచి తీసి మళ్లీ పెట్టుకోమన్నాడు. తీసినంతసేపూ పెదవుల మధ్య నుంచి సన్నగా బుడగలు వదులుతూనే ఉండాలి. నేను తీశాను, పెట్టుకున్నాను, పని అయిందనుకున్నాను. ఆయన తల అడ్డంగా ఊపి నా పెదవుల వైపు వేలు చూపించాడు. ఒక్క బుడగ కూడా రాలేదు. మూడుసార్లూ అంతే. నోట్లో గాలి లేదని తెలియగానే, బావిలో పెరిగిన ఒళ్లు నన్ను అడగకుండానే గొంతు బిగించేసింది.

బావిలో చెల్లిన విద్య ఇక్కడ ప్రాణం మీదికి ఎందుకు తెస్తుందో ఆ సాయంత్రం తరగతిలో అర్థమైంది. నీటిలో ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనం అదనంగా చేరుతుంది. బావిలో మనం గట్టు మీద పీల్చిన గాలితో దిగుతాం కనుక, అది లోతుకు పోయేకొద్దీ కుంచించుకుపోయి, పైకి వచ్చేసరికి తన పాత పరిమాణానికే చేరుతుంది, అంతకు మించదు. స్కూబాలో 10 మీటర్ల దగ్గర ఊపిరితిత్తుల నిండా పీల్చిన గాలిని బిగబట్టి పైకి వస్తే, అది రెండింతలు కావాలని చూస్తుంది. అంత చోటు లేక ఊపిరితిత్తులు చిట్లుతాయి, గాలి బుడగలు రక్తంలో చేరి మెదడు దాకా పోవచ్చు. మా పందెంలో మొనగాడే ఇక్కడ ముందు పోతాడు.

చెవుల విషయంలోనూ మేము మూర్ఖులమే. రెండు నిలువుల లోతు దాటగానే పోటు పుడితే, పళ్లు బిగించి ఓర్చుకోవడమే మగతనం అనుకున్నాం. నొప్పి పుట్టకముందే ముక్కు మూసుకుని మెల్లగా ఊదితే సరిపోతుందని ఎవరైనా చెప్పి ఉంటే, ఒక వేసవిలో చెవి కారి నెల రోజులు చుక్కల మందు వేసుకునే తిప్పలు నాకు తప్పేవి.

నాలుగో రోజు పడవ అంచు మీది నుంచి వెనక్కి దొర్లి, 11 మీటర్ల దాకా దిగాను. నీరు అంత తేటగా లేదు. చేతికున్న ఎర్రదారం దిగేకొద్దీ మట్టిరంగుకు, ఆపైన బూడిదరంగుకు తిరిగింది. నీరు ముందుగా మింగేది ఎరుపునే. శిక్షకుడు టార్చి వేస్తే మళ్లీ ఎర్రబడింది. అడుగున పిడికెడు ఇసుక తీసి, చూసి, అక్కడే వదిలేశాను. ఆ ఇసుక మీద నీరు గీసిన సన్నని ముడతలు వరుసలుగా ఉన్నాయి. ఎక్కడో చూసినవే అనిపించింది గానీ ఎక్కడో తట్టలేదు.

ఇంటికి వచ్చాక తెలిసింది, మా దొడ్లో బట్టలుతికే రాయి మీద. కడప ప్రాంతపు రాతి పొరలు చాలావరకు పాత సముద్రంలో పేరుకున్నవే. వేంపల్లె పేరు పెట్టిన పొరల్లో, సుమారు 190 కోట్ల ఏళ్ల కిందట లోతులేని ఉప్పునీటిలో సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టిన స్ట్రోమటోలైట్లు కూడా ఉన్నాయి. మా గుట్ట నుంచి తెచ్చిన ఆ బండ మీద ముడతలు ఉన్నందుకే మురికి బాగా వదులుతుందని అవ్వకు దానిమీద మక్కువ.

"సముద్రం అడుగున ఏముండాది?" అని అడిగింది, పంచె పిండుతూ.

ఆ రాయినే చూపించి, ఇట్లే ఉండాది అవ్వా, అన్నాను.

"దీనికోసం అంత దూరం పోయినావా!" అని, రెండో పంచె అందుకుంది.