గిన్నె ముందు మూతి తిప్పే కుక్క

బుధవారం, కడప

ఎండలు ముదిరాయి. పొద్దున ఆరింటికి గిన్నె పెట్టడం వేరు, ఎనిమిదింటికి పెట్టడం వేరు. కడప ఎండకు మనుషులకే ముద్ద దిగదు, ఒంటి నిండా బొచ్చున్న చింటూకి ఎక్కడ దిగుతుంది? అందుకే చల్లపొద్దునే 80 గ్రాముల డ్రై ఫుడ్ తూచి పెట్టాను. ముక్కు దించింది, ఒక్క గింజ నోట కరుచుకుని అరుగు మీద వదిలేసింది, తలెత్తి నా మొహంలోకి చూసింది. వంటింట్లోంచి ఇంకేదన్నా వస్తుందేమోనని ఆశ.

గింజ నోట్లోంచి వదిలేస్తే పొగరని వెంటనే తేల్చేయకూడదు, ముందు పళ్ళు చూడాలి. పెదవి పక్కకు లాగితే పైదవడలో వెనకవైపు ఒక పెద్ద పన్ను కనిపిస్తుంది. లాలాజలం వచ్చే నాళం దాని దగ్గరే తెరుచుకుంటుంది కాబట్టి గార ఎక్కువగా పట్టేది అక్కడే. అక్కడ చిగురు ఎర్రగా వాచినా, నోరు కంపు కొట్టినా, ఒక పక్కే నములుతున్నా నొప్పి ఉన్నట్టే. అనుమానం తీరకపోతే అవే గింజల్ని గోరువెచ్చని నీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి పెట్టాలి. మెత్తవి తిని గట్టివి వదిలేస్తే పంటి బాధ. నానినవి కూడా వద్దని, ఉప్పులేని ఉడికించిన కోడిముక్కకు మాత్రం ఎగబడితే అది వంక. కోడిముక్కను కూడా కాదంటే జబ్బు, ఇక మన తెలివితేటలు పక్కన పెట్టాల్సిందే.

చింటూ చిగుళ్ళు గులాబీ రంగులో ఉన్నాయి, కోడి వాసనకే తోక ఆడింది. కాబట్టి లెక్క తీయాల్సింది ఇంట్లో వాళ్ళ చేతులది.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయి, ఇంటిపట్టునే ఉండే 10 కిలోల కుక్కకు రోజుకు దాదాపు 550 నుంచి 630 క్యాలరీలు కావాలి. ప్యాకెట్ మీద 100 గ్రాములకు 360 అని రాసి ఉంటే రోజంతటికీ 160 గ్రాములు చాలు. ఇప్పుడు గిన్నె బయట తిన్నది చూద్దాం. అవ్వ టీ తాగుతూ వేసే బిస్కెట్లు నాలుగు, ఒక్కోటి 20 నుంచి 25. నెయ్యి పూసిన చపాతీ ఒకటి, 110 దాకా. గ్లాసులో మిగిలిన పాలు 100 మిల్లీలీటర్లు, మరో 65. పిల్లలు ఆడుకుంటూ విసిరే వేయించిన చెనిక్కాయ గింజలు 30 గ్రాములు, వాటికే 170 దాటుతుంది. అన్నీ కలిపితే 400 పైమాటే. ఇంకా 160 గ్రాములకు ఆ పొట్టలో చోటేది? పాలల్లోని లాక్టోజు పెద్ద కుక్కల్లో చాలావాటికి సరిగా అరగదు, విరేచనాలు అదనం.

చిరుతిండి రోజు మొత్తం క్యాలరీల్లో పదో వంతు దాటకూడదు. చింటూ లెక్కన రెండు బిస్కెట్లు. అవ్వకు పెట్టొద్దని చెప్తే వినదు, చాటుగా పెడుతుంది. అందుకే పొద్దున్నే చిన్న డబ్బాలో రెండు బిస్కెట్లు వేసి ఆమె చేతికే ఇచ్చాను.

"నోరులేని జీవి, రెండింటితో ఏం సరిపోతుంది రా?"

"నువ్వే పెట్టు అవ్వా, కానీ ఆ డబ్బాలోంచే పెట్టు."

కారం దోసె అంచులు మాత్రం పూర్తిగా బంద్. దోసె మీద పూసే ఎర్రకారంలో ఎర్రగడ్డలు (ఉల్లిపాయలు), తెల్లవాయలు (వెల్లుల్లి) ఉంటాయి. అవి కుక్క రక్తంలోని ఎర్రకణాల్ని పగలగొడతాయి. ఉడికించినా, పొడి చేసినా ఆ గుణం పోదు. ఒక్క తుంపుకు పడిపోదు గానీ, రోజూ కొంచెం కొంచెం పడినా చేటే.

గిన్నె పద్ధతి చెప్పడానికి సులువు, పాటించడమే కష్టం. పెట్టాలి, పక్కకు పోవాలి. బతిమాలడం, చేత్తో తినిపించడం, గిన్నె చుట్టూ ఇంటిల్లిపాదీ నిలబడటం ఏవీ వద్దు. ఇరవై నిమిషాల తర్వాత మారు మాట్లాడకుండా తీసేయాలి. మళ్ళీ రాత్రి ఎనిమిదికే. నీళ్ళు మాత్రం ఎప్పుడూ ఉండాలి. ఇది చెడేది సాధారణంగా రెండో రోజు. ఎవరికో ఒకరికి మనసు కరిగి కోడికూర కలుపుతారు. రెండు రోజులు బిగబడితే కూర వస్తుందని కుక్క నేర్చుకుంటుంది, ఈసారి మూడు రోజులు బిగబడుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్క ఒక రోజు తినకపోతే ఏం కాదు. కుక్కపిల్లలకు, మరీ బుల్లి జాతులకు, షుగరున్న వాటికి ఈ పద్ధతి పనికిరాదు, ఒంట్లో చక్కెర పడిపోతుంది.

రుచికి ఏదైనా కలపాలంటే ఉప్పు, ఎర్రగడ్డ లేకుండా కాచిన కోడినీళ్ళు రెండు పెద్ద చెంచాలు, చేయి పెడితే వెచ్చగా తగిలేంత వేడిలో. కుక్క నాలుక మీద రుచిమొగ్గలు మనకంటే చాలా తక్కువ, అది నమ్మేది ముక్కునే. వెచ్చదనానికి వాసన లేస్తుంది. పైన కోడిముక్కలు చల్లడం మాత్రం తప్పు. ముక్కలు ఏరుకుని గింజలు నాకి వదిలేస్తుంది, అంత నేర్పు మన పిల్లలకు చదువులో ఉంటే బాగుండు. కలిపితే మెత్తగా నూరి ప్రతి గింజకూ పట్టేలా కలపాలి. తడిపిన తిండి ఈ ఎండలో అరగంటకు మించి ఉంచొద్దు.

అసలు తిండే పాడై ఉండొచ్చు కూడా. అంగట్లో విడిగా తూచి ఇచ్చే గింజలు ఎప్పుడు విప్పినవో తెలియదు. గాలి, వేడి తగిలితే వాటి మీది కొవ్వు మక్కిపోతుంది, మనకంటే ముందు కుక్కకే తెలుస్తుంది. నెలలోపు అయిపోయే చిన్న సంచి కొని, ఆ సంచితో పాటే మూతున్న స్టీలు డబ్బాలో, పొయ్యికి దూరంగా పెట్టాలి.

మన వైపు చాలా ఇళ్ళలో సంగటి, పెరుగే కుక్క తిండి. సంగటితో కడుపు నిండుతుంది, మాంసకృత్తులు చాలవు. దాన్నుంచి డ్రై ఫుడ్‌కి మార్చేటప్పుడు మొదటి రెండు రోజులు పావు వంతు, తర్వాత సగం, తర్వాత ముప్పావు, వారం పదిరోజులకు పూర్తిగా. ఒక్కసారిగా మారిస్తే విరేచనాలు పట్టుకుంటాయి, ప్యాకెట్ తిండి పడలేదని అందరూ దాన్నే తిడతారు.

వంక అనుకుని వదిలేస్తే ప్రాణం మీదికి తెచ్చేది గోమార్లు (రక్తం పీల్చే పిడుదులు) కరిస్తే వచ్చే జ్వరం. చెవుల లోపల, కాలివేళ్ళ సందుల్లో వాటికోసం రోజూ వెతకాలి. తిండి మానేయడంతో పాటు నీరసం, చిగుళ్ళు పాలిపోవడం, 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన వేడి ఉంటే ఆ రోజే డాక్టరుకు చూపించాలి. డబ్బా లెక్క, గిన్నె పద్ధతి అంటూ ఆగకూడదు.

రాత్రి ఎనిమిదికి పెట్టిన 80 గ్రాముల్లో 50 తిన్నది. మిగిలింది తూచి పుస్తకంలో రాసి పారేశాను. వారానికోసారి కుక్కను ఎత్తుకుని మిషను ఎక్కి, మన బరువు తీసేస్తే దాని బరువు వస్తుంది. పక్కటెముకలు చేతికి తగలాలి, కంటికి పొడుచుకు కనిపించకూడదు. 10 కిలోల కుక్క అర కిలో తగ్గిందంటే ఈ పద్ధతి అక్కడితో ఆపి డాక్టరును అడగాలి.