ఓట్స్ సద్ది

మంగళవారం, రాత్రి పదిన్నర.

పొద్దున్నే మా నల్లగొండ ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో నాలుగు రౌండ్లు నడిచి బయటికి వస్తే, ఇంటికొచ్చే దారిలో టిఫిన్ బండి. పదేళ్ల అలవాటు. నేను రోడ్డు దాటుతుంటేనే ఆయన ప్లేటులో నాలుగు ఇడ్లీలు, రెండు వడలు పెట్టి, పల్లీ చట్నీ గరిటె పైకెత్తి పట్టుకుంటాడు. ఈ రోజు అటు చూడకుండా, ఫోన్ వచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుని, అడుగు వేగం పెంచి వచ్చేశాను. నిన్నా అంతే చేశాను. నిన్న పట్టించుకోలేదు గానీ ఈ రోజు వెనక నుంచి "సార్, పానం మంచిగున్నదా?" అని కేకేశాడు. మంచిగ లేకనే కదా ఈ తిప్పలు అని చెప్పలేక చెయ్యి ఊపాను.

పోయిన నెల రక్తపరీక్షలో చెడ్డ కొలెస్ట్రాల్ 152 వచ్చింది. షుగర్ బార్డర్‌లో ఉంది. డాక్టర్ మందు రాయలేదు, మూడు నెలల గడువిచ్చాడు. పొద్దున టిఫిన్ ఏం తింటారని అడిగితే ఇడ్లీ అని చెప్పాను. వడల సంగతి పక్కనే కూర్చున్న మా ఇంటామె చెప్పింది.

మా ఇంట్లో పొద్దున పూట వంటగదిలో కాలు పెట్టే సందుండదు. ఆమె దేవరకొండ రోడ్డులో ఒక బడిలో టీచర్. ఏడింటి బస్సు దొరక్కపోతే ప్రేయర్ తప్పిపోతుంది. ఆ లోపల తన బాక్సు, నా బాక్సు, అమ్మకు జొన్నరొట్టె, కూర. ఆ హడావుడిలో "నాకు వేరే టిఫిన్ చెయ్యి" అని అడిగే ధైర్యం నాకు లేదు. ఉండకూడదు కూడా. పొయ్యి ముట్టకుండా, రాత్రే చేసి పెట్టుకునేది ఏదైనా ఉందా అని బిడ్డను అడిగాను. హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి న్యూట్రిషన్ చదువుతోంది. ఇంక అడగాలా, అరగంట క్లాసు పీకింది.

"స్టీల్ కట్ ఓట్స్ వద్దు డాడీ, రాత్రంతా నానినా పలుకు పలుకుగానే ఉంటాయి. ఇన్‌స్టంట్ వద్దు, తెల్లారేసరికి జావ. రోల్డ్ ఓట్స్ తెచ్చుకో. మసాలా ప్యాకెట్ జోలికి మాత్రం పోకు." 40 గ్రాముల ఓట్స్‌కు, అవి పట్టిన గ్లాసుతోనే అంతే కొలత పాలు, లేదా కొంచెం ఎక్కువ. చెంచాడు చియా గింజలు. మూత పెట్టి ఫ్రిజ్‌లో పెడితే పొద్దుటికి సిద్ధం. ఆదివారం రాత్రి కాటా మీద పెట్టి చూశాను. మా చిన్న స్టీలు టీ గ్లాసుకు పైన చేత్తో సమం చేసి పోస్తే సరిగ్గా 40. ఇంక కాటా అక్కర్లేదు, టీ గ్లాసే కొలత. చియా అడిగితే కిరాణా షాపులో సబ్జా ఇచ్చారు, అది వేరే కథ. సబ్జా అయిదు నిమిషాల్లో ఉబ్బి కూర్చుంది, తిన్నాను, నష్టమేమీ లేదు.

ఆ క్లాసులోనే ఇంకో ముచ్చట చెప్పింది. రాత్రి నానబెట్టే ఈ ఓట్స్ ఇప్పుడు ఫోన్లలో కొత్తగా పుట్టింది కాదట. 1900 ప్రాంతంలో స్విట్జర్లాండ్‌లో బిర్చర్-బెన్నర్ అనే డాక్టర్ తన దగ్గరికొచ్చే రోగులకు పెట్టించేవాడట. ఓట్స్ నీళ్లలో నానబెట్టి, నిమ్మరసం, చిక్కటి డబ్బా పాలు కలిపి, ఒక పెద్ద యాపిల్‌ను తొక్కతో సహా తురిమి వేసేవాడు. ఓట్స్ ఒక్క చెంచాడే, మిగతాదంతా యాపిల్. అంటే అది పండు తినిపించడానికి వేసిన ఎత్తు.

ఇక్కడే నా బుద్ధి పక్కదారి పట్టింది. ఆయన నిమ్మకాయ పిండగా లేనిది నేను బత్తాయి వేయకూడదా? నల్లగొండలో ఉండి యాపిల్ కొనుక్కోవడం ఏంటి? బావమరిది తోట నుంచి వచ్చిన కాయలు వరండాలో సంచి నిండా ఉన్నాయి. రెండు ఒలిచి, తొనలు చిదిమి, పాలు, ఓట్స్, సబ్జా అన్నీ ఒక సీసాలో వేసి కలిపాను. సీసా అంటే మామిడికాయ తొక్కు అయిపోయాక కడిగి పెట్టిన గాజుది. కలిపిన రంగు చూసి నాకే ముచ్చటేసింది. ఫొటో తీసి బిడ్డకు పంపాను. అప్పటికే పడుకున్నట్టుంది.

నిన్న పొద్దున మూత తీశాను. ముందు వెల్లుల్లి వాసన. గాజును ఎన్నిసార్లు కడిగితే అంత శుభ్రమవుతుంది గానీ, మూత లోపల అంచు చుట్టూ ఉండే ఆ తెల్ల రబ్బరు పోయిన ఎండాకాలాన్ని మొత్తం దాచుకుని ఉంది. సరే అని చెంచా పెట్టాను. పాలు విరిగి రవ్వలా తేలుతున్నాయి. నోట్లో పెట్టుకుంటే చేదు. వేపాకు చేదు కాదు, మొదట తియ్యగా అనిపించి, మింగాక గొంతులో మిగిలే చేదు. నాలుగు చెంచాలు పంతానికి తిన్నాను. అయిదోది పోలేదు.

బిడ్డ ఫోన్ చేసి చెప్పింది. పులుపు తగిలితే పాలు విరుగుతాయి, అది చిన్నపిల్లలకూ తెలుసు అంది. నాకు తట్టలేదు. చేదుకు కారణం మాత్రం నాకు నిజంగా తెలియదు. బత్తాయి తొనల మీది పొరలో, గింజల్లో చేదు లేని పదార్థం ఒకటి ఉంటుందట. కాయను చిదిమితే అది రసంలోకి దిగి, ఆ పులుపులో కొన్ని గంటలుంటే లిమోనిన్ అనే చేదు పదార్థంగా మారుతుందట. జ్యూస్ బండి అతను ఎందుకు అప్పటికప్పుడు పిండి ఇస్తాడో ఇన్నేళ్లకు అర్థమైంది. బత్తాయి సీమలో పుట్టి పెరిగి, ఈ సంగతి హాస్టల్ నుంచి ఫోన్లో విన్నాను.

నిన్న ఆఫీసులో పదకొండింటికి రెండు మిర్చి బజ్జీలు తిన్నాను. ఇక్కడ రాస్తున్నాను గానీ ఇంట్లో చెప్పలేదు.

నిన్న రాత్రి మళ్లీ సీసా కడుగుతుంటే అమ్మ వచ్చి వంటగది గుమ్మం దగ్గర కుర్చీ వేయించుకుంది. కింద కూర్చోలేదు, మోకాళ్లు మడవరావు. అమ్మ పుట్టిల్లు మర్రిగూడ దిక్కు. ఆ నేలలోని ఫ్లోరైడ్ తాగి పెరిగిన తరం. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగకూడదంటారు. అమ్మ చిన్నప్పుడు ఆ బావి నీళ్లను కొలిచినవాళ్లెవరు? పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్‌ను కిందికి దించే పద్ధతికి నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరి' వాళ్లు పెట్టిన పేరు నల్లగొండ టెక్నిక్. ఊరికి అలాంటి పేరు రావడం గొప్పో కాదో నాకిప్పటికీ తేలదు. ఇప్పుడు నల్లాలో కృష్ణా నీళ్లు వస్తున్నాయి. అయినా ఇంట్లో ఏం వండినా అమ్మ అడిగే మొదటి మాట ఒక్కటే.

"ఏం నీళ్లు పోసినవ్?"

"నీళ్లు కాదమ్మా, పాలు."

"ఉడకనిది ఎట్ల తింటవ్ రా? కుడితి లెక్క ఉన్నది."

అవి పచ్చివి కావని చెప్పాను. గింజను ముందే ఆవిరిలో ఉడికించి, రోలర్ల మధ్య ఒత్తి పలచగా చేస్తారు, అందుకే నానితే చాలు. చేతిలో నాలుగు పోశాను. వేళ్ల మధ్య నలిపి చూసింది, ఒకటి నోట్లో వేసుకుంది. "గట్లయితే అటుకులే అన్నట్టు" అంది. నేను అరగంట క్లాసులో విన్నది అమ్మకు ఒక్క గింజలో అర్థమైంది.

"మరి అటుకులకు పాలెందుకు? పెరుగేసి ఉప్పెయ్. పచ్చిమిరపకాయ ఒకటి సీల్చి ఎయ్. మొన్న సద్దుల బతుకమ్మ నాడు పెరుగు సద్ది తినలే?"

అలా తయారైంది నిన్నటి సీసా. టీ గ్లాసు ఓట్స్, మూడు గరిటెల పెరుగు, అర గ్లాసు నీళ్లు (కృష్ణావే, అడిగింది మళ్లీ), చిటికెడు ఉప్పు, తురిమిన అల్లం, చీల్చిన మిరపకాయ. రాత్రి పప్పుకు మా ఇంటామె పెట్టిన పోపులోంచి ఒక చెంచా అడిగి తీసుకున్నాను. ఆవాలు, జీలకర్ర, రెండు కరివేపాకులు. బతుకమ్మకు దంచిన నువ్వుల పొడి డబ్బా అడుగున మిగిలి ఉంటే అది పైన చల్లాను. ఉల్లిగడ్డ వేయబోతే "రాత్రి కోసి పెడితే కంపు, పొద్దున్నే కోసుకో" అని అమ్మే ఆపింది.

అంతా అయ్యాక సీసా ఫ్రిజ్‌లో పెడుతుంటే మళ్లీ పేచీ.

"అండ్ల పెడితే పులవదు కదా."

"పులవదు. చల్లగుంటే పులవదు. ఊరికె నానుతది."

"పులవకుంటే సద్ది ఎట్లయితది?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. చద్దన్నం బయట కుండలో, ఇంటి వెచ్చదనంలో పులుస్తుంది, ఆ పులుపులోనే దాని ప్రాణం ఉంది. ఇది బయట వదిలితే పాడవుతుందేమోనన్న భయంతో ఫ్రిజ్‌లో దాచేది. రెండూ రాత్రి దాటినవే గానీ ఒకే జాతి కాదు. పేరు మాత్రం అప్పటికే పడిపోయింది, ఓట్స్ సద్ది.

ఈ రోజు పొద్దున తిన్నాను. బాగుంది. మర్యాదకు అంటున్న మాట కాదు, నిజంగానే బాగుంది. ఓట్స్ పెరుగును పీల్చుకుని మెత్తబడ్డాయి గానీ చెదరలేదు, పెరుగన్నం కంటే కొంచెం జిగటగా ఉన్నాయి. మిరపకాయ ఘాటంతా పెరుగులోకి దిగింది. నువ్వుల పొడి అక్కడక్కడా ముద్దకట్టి, అది పంటి కింద పడినప్పుడల్లా కమ్మగా తగిలింది. పైన సగం కీర, కొంచెం ఉల్లిగడ్డ. మూత వాసన కూడా ఈసారి కలిసిపోయింది. పాలలో అపచారమైన వెల్లుల్లి పెరుగులో చుట్టమైంది. పదకొండింటికి బజ్జీల పొట్లం వచ్చింది గానీ నాకు ఆకలి గుర్తు రాలేదు. పన్నెండున్నరకు వచ్చింది. బాక్సు తెరిచాను.

మధ్యాహ్నం బిడ్డకు గొప్పగా చెప్పబోతే నీళ్లు చల్లింది. ఓట్స్‌లోని బీటా గ్లూకాన్ అనే పీచు కడుపులో జిగురులా మారి, పిత్తరసాన్ని పట్టుకుని బయటికి తోస్తుందట. మళ్లీ పిత్తం చేయడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను వాడుకుంటుంది, అలా తగ్గుతుంది. దానికి రోజుకు కనీసం 3 గ్రాములు కావాలి. నా టీ గ్లాసులో ఉన్నది ఒకటిన్నర. "సగం పనే డాడీ. రోజూ తినాలి, వడలు మానాలి, అప్పుడు చూద్దాం." ఇంత ఖర్చు పెట్టి ఓట్స్ ఎందుకు, జొన్న అటుకులు వేసుకోకూడదా అని అడిగాను. జొన్న మంచిదే, నాయినమ్మ రొట్టె తిను, కానీ ఈ రకం పీచు బాగా ఉండేది ఓట్స్‌లో, బార్లీలో అంది. తను వేరేది చెబితే బాగుండు అనిపించింది. ప్యాకెట్ ఖరీదు చూస్తే ఎవరికైనా అనిపిస్తుంది.

ఇందాక గ్లాసుతో ఓట్స్ కొలుస్తుంటే మా ఇంటామె నోట్‌బుక్కులు దిద్దుతూ తల ఎత్తకుండానే అంది.

"నాకూ ఒకటి పెట్టండి. బస్సులో తింటా."

"నువ్వు పొద్దున తినే పోతవ్ కదా?"

"ఎప్పుడు తింటాను? బడి దగ్గర దిగినాక చాయ్, రెండు బిస్కెట్లు."

ఆ ఏడింటి బస్సు మొదలై పదకొండేళ్లు. నేను గ్రౌండ్ నుంచి వచ్చేసరికి ఆమె జడ వేసుకుంటూ ఉంటుంది, బాక్సులు మూతలు పెట్టి వరసగా ఉంటాయి. నేను ఇడ్లీలు, వడలు తిని వచ్చినవాణ్ని. ఎన్నడూ అడగలేదు.

ఇంకో సీసా కోసం సామాన్లన్నీ దింపాను. తేనెది ఒకటి దొరికింది, మూతకు వాసన లేదు. ఆమెకు కారం తక్కువ, మిరపకాయ తీసేసి మిరియాల పొడి వేశాను. అమ్మ లోపలి నుంచి నీళ్ల సంగతి అడిగింది, చెప్పాను. బస్సు కుదుపులకు ఒలకకుండా సీసాను గుడ్డలో చుట్టి, చెంచా పక్కన పెట్టి, ఫ్రిజ్‌లో ముందు వరసలో ఉంచాను. తొక్కు వాసన మూత నాదానికి పెట్టుకున్నాను.