లాగ్ షీట్‌లో నేను వేసిన దొంగ రీడింగులు

భీమవరం చుట్టుపక్కల ఒక 33/11 కె.వి. సబ్‌స్టేషన్‌లో నేను షిఫ్ట్ ఆపరేటర్ని. చుట్టూ రొయ్యల చెరువులు. మా ఫీడర్ల మీద, అంటే ఊళ్లకి కరెంటు తీసుకెళ్లే లైన్ల మీద, ఇళ్ల లోడు కంటే చెరువు నీళ్లలోకి గాలి పట్టించే ఏరేటర్ల లోడే ఎక్కువ. రాత్రి గడిచేకొద్దీ చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లవారుజామున మరీ తక్కువ. అప్పుడు కరెంటు పోతే జనరేటర్ లేని రైతుకి ప్రతి నిమిషం గండమే. ఫోన్లో బూతు వీడియోలు చూసే నా అలవాటు ఎంతదూరం పోయిందో నాకు తెలిసొచ్చింది అలాంటి ఒక చెరువు గట్టు దగ్గరే.

2022 జులైలో ఒక రాత్రి వానకి ఒక ఫీడర్ ట్రిప్పయింది. టెస్ట్ చార్జ్ చేస్తే, అంటే ఓసారి కరెంటు ఇచ్చి చూస్తే, నిలవలేదు. మా లైన్‌మన్ బాబాయ్ వెతుక్కుంటూ వెళ్లి, కొమ్మ విరిగిపడిన చోటు పట్టుకుని, నా దగ్గర లైన్ క్లియర్, అంటే కరెంటు ఆపాను పని చేసుకోవచ్చు అన్న అనుమతి, తీసుకున్నాడు. గంట పడుతుందన్నాడు. నేను సబ్‌స్టేషన్ ఫోను టేబుల్ మీద వదిలేసి, నా ఫోను, ఇయర్‌ఫోన్లు పట్టుకుని వెనక గదిలోకి వెళ్లాను. పది నిమిషాలు చూసి వచ్చేద్దామనుకున్నా. నిజంగా అంతే అనుకున్నా. బయటికొచ్చేసరికి ఏడు మిస్డ్ కాల్స్. బాబాయ్ పని ముగించి నలభై నిమిషాలైంది. పనైపోయిందని అతను లైన్ క్లియర్ రిటర్న్ ఇస్తే తప్ప నేను లైను చార్జ్ చేయకూడదు. నేను ఫోనెత్తితే తప్ప అతను ఇవ్వలేడు. చివరికి బండేసుకుని తడుస్తూ సబ్‌స్టేషన్‌కే వచ్చాడు. "ఏం అబ్బాయ్, ఒంట్లో బాలేదా?" అన్నాడు. తిట్టలేదు. నిద్ర పట్టేసింది బాబాయ్ అన్నాను.

తర్వాత లాగ్ షీట్ ముందు కూర్చున్నా. గంటగంటకీ వోల్టేజి, ఆంప్స్ రాయాలి. రెండు గంటలదీ, మూడు గంటలదీ ఖాళీగా ఉన్నాయి. పై గడులు చూసి అటూ ఇటూగా వేసేశాను. అదే పెన్ను, అదే చేతిరాత. ఎవరు చూసినా తేడా తెలీదు. ఆ గడులు ఈ రోజుకీ నా కళ్లముందే ఉంటాయి. పొద్దున ఇంటికి వెళ్తుంటే రెండెకరాల రైతు ఒకాయన, భార్యా కలిసి చచ్చిన రొయ్యల్ని బుట్టల్లోకి ఎత్తుతున్నారు. ఆ నలభై నిమిషాల వల్లే పోయాయా, ముందే జబ్బు తగిలిందా, ఎవరూ తేల్చలేరు. నాకు మాత్రం అక్కడ బండి ఆపే ధైర్యం లేకపోయింది.

ఇది ఒక్కరాత్రిలో వచ్చింది కాదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక ఫోన్లో డేటాకి లెక్క లేకుండా పోయింది. మొదట్లో వారానికోసారి. 2021లో కరోనా రెండో వేవ్‌లో మా నాన్న పోయారు. ఆసుపత్రి లోపలికి కూడా నన్ను రానివ్వలేదు. ఆ తర్వాత రాత్రి డ్యూటీ అంటే భయం పట్టుకుంది. ఒంటరిగా కూర్చుంటే నాన్న గుర్తొచ్చేవారు, ఫోను తీస్తే గుర్తొచ్చేవారు కాదు. అలా వారానికోసారి రోజూ అయింది, రోజూ గంటలయింది. ముందు చూసినవి చాలక ఇంకేవో వెతికేవాణ్ని, వాటిలో కొన్ని నాకే అసహ్యం. పగలు నిద్ర లేదు. పిల్లాడు హోంవర్కు పట్టుకొస్తే కసిరేవాణ్ని. మా ఆవిడ పక్కన పడుకున్నా మనసు ఎక్కడో ఉండేది, ఒళ్లు సహకరించేది కాదు. ఆమె ఏమీ అనకుండా అటు తిరిగి పడుకునేది.

మానడానికి ప్రయత్నించలేదా అంటే, చాలాసార్లు. పిల్లాడి మీద ఒట్టు పెట్టుకున్నా. 2015లో ప్రభుత్వం 857 సైట్లను, 2018లో కోర్టు తీర్పు తర్వాత 827 సైట్లను ఆపమంది గానీ, దొడ్డిదారులు నాకే తెలిసినప్పుడు ఏ తాళం ఏం పనిచేస్తుంది? ఆ రొయ్యల సంఘటన తర్వాత గోడ మీద "నరాల బలహీనత" అని చూసి, నెలకోసారి లాడ్జిలో దిగే ఒకాయన దగ్గరికి వెళ్లాను. వీర్యం పోతే రక్తం పోయినట్టే అని బెదిరించి, ఆరు వేలు తీసుకుని పొడి పొట్లాలిచ్చాడు. అది అబద్ధమని, ఒంట్లోని శక్తి అలా కారిపోదని తర్వాత అసలు డాక్టరు చెప్పేదాకా మూడు నెలలు ఆ భయంతో బతికాను. భయం పెరిగేకొద్దీ చూడటమూ పెరిగింది. మన ఊళ్లలో ఈ గోడరాతల్ని నమ్మి చితికిపోయిన మగవాళ్లని తలుచుకుంటే కడుపు రగిలిపోతుంది.

2022 అక్టోబరు 10న మానసిక సమస్యలకి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ మొదలైంది, నంబరు 14416. పేపర్లో చూసి కత్తిరించి పర్సులో పెట్టుకున్నా. నెల తర్వాత ఒక రాత్రి చేశాను. తెలుగులోనే మాట్లాడారు. మొదటి రెండు నిమిషాలు నిద్ర పట్టట్లేదనే చెప్పాను. అవతల అమ్మాయి ఆగి, "ఇంకేదైనా ఉందాండీ, చెప్పినా పర్లేదు" అంది. చెప్పేశాను. గొంతులో తేడా రాలేదు ఆ అమ్మాయికి. ఆ మాటతోనే విజయవాడలో ఒక సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లాను. పేరు బయటికొస్తుందేమో అంటే, 2017 మానసిక ఆరోగ్య చట్టం 23వ సెక్షన్ ప్రకారం మీ సంగతి గోప్యంగా ఉంచడం మా బాధ్యత అన్నారు. ముందు నిద్ర గురించీ, నాన్న గురించీ అడిగారు. డిప్రెషన్ ఉందని దానికి మందు రాసి, క్లినికల్ సైకాలజిస్టు మేడం దగ్గరికి పంపారు.

నాది వ్యసనమా, పాపమా, జబ్బా అని అడిగాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11, 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. అందులో కంపల్సివ్ సెక్సువల్ బిహేవియర్ డిజార్డర్ అని ఒకటుంది. మద్యం, జూదం ఉన్న వ్యసనాల గుంపులో పెట్టలేదు, ప్రేరణని అదుపు చేసుకోలేని జబ్బుల్లో పెట్టారు. ఆరు నెలలు, అంతకు మించి ఆపుకోలేకపోవడం, ఇల్లూ ఉద్యోగమూ ఆరోగ్యమూ దెబ్బతింటున్నా సాగించడం దాని లక్షణాలు. మేడం ఒత్తి చెప్పింది ఇంకోటి. చూసినందుకు తప్పు చేశానన్న బాధ ఒక్కటే ఉంటే అది ఈ జబ్బు కాదు. చూసే ప్రతివాడూ రోగి కాదు. నా విషయంలో రొయ్యల చెరువు ఉంది, లాగ్ షీట్ ఉంది.

చివర్లో నాకు అందులో సుఖం లేదు మేడం, అయినా చెయ్యి పోతుంది అంటే ఆవిడ ఆశ్చర్యపోలేదు. 2014లో కేంబ్రిడ్జిలో ఇలాంటి సమస్య ఉన్న 19 మంది మగవాళ్లని, లేని 19 మందిని స్కానింగ్ చేసి చూశారట. సమస్య ఉన్నవాళ్లలో కావాలన్న తహతహ ఎక్కువ, కానీ ఆ దృశ్యాలు వాళ్లకి మరింత నచ్చుతున్నాయని ఏమీ లేదు. నా సంగతి ఆ పంతొమ్మిది మందిలో ముందే కనిపించిందని తెలిశాక, నేనొక్కణ్నే ఇలా పాడైపోయానన్న ముద్ద గొంతు దిగింది.

ఆ తర్వాత మేడం అడిగిన ప్రశ్న నేను ఊహించనిది. "ఎప్పుడైనా చాలారోజులు మానగలిగారా?" 2019లో అయ్యప్ప మాల వేసుకున్నప్పుడు, మండలం మొత్తం ఒక్కసారి కూడా చూడలేదు. మాల తీసిన మూడోరోజే మళ్లీ మొదలు. స్వామి దయ ఉన్నన్నాళ్లే బాగున్నాను, నా బుద్ధే మంచిది కాదని అప్పటినుంచీ కుమిలిపోతున్నా. ఆవిడ భక్తిని పక్కన పెట్టమనలేదు. ఆ నలభై ఒక్క రోజులూ పొద్దున్నుంచి రాత్రిదాకా ఏం చేసేవారో వరసగా చెప్పమన్నారు. తెల్లవారుజామునే చన్నీళ్ల స్నానం. పూజ. సాయంత్రం గురుస్వామి ఇంట్లో భజన. రాత్రి పీఠం దగ్గర పదిమందితో కలిసి చాప మీద నిద్ర. ఫోను సంచిలో. డ్యూటీ తోటి ఆపరేటర్‌తో మార్చుకుని పగలే చేశాను. చెప్తుంటే నాకే అర్థమైంది: ఆ రోజుల్లో రాత్రి రెండు గంటలకి నేనూ, ఫోనూ, ఖాళీ గదీ ఒక్కసారి కూడా కలవలేదు.

"మీకు లాగ్ రాయడం వచ్చు కదా" అని ఒక నోటుబుక్కులో గడులు గీయించారు. టైము, ఎక్కడున్నాను, ఎవరున్నారు, అంతకుముందు ఏం జరిగింది, తహతహ పదికి ఎంత. దొంగ రీడింగులు వేయనని ఆవిడకి మాటిచ్చాను. పద్దెనిమిది రోజుల తర్వాత చూస్తే పద్నాలుగు సార్లు రాత్రి ఒంటిగంటకీ మూడున్నరకీ మధ్యే. కారణం గడిలో కోరిక అని రాసినవి నాలుగే. మిగతావన్నీ ఆకలి, నాన్న, మా ఆవిడతో మాటామాటా.

తహతహ వచ్చినప్పుడు దాంతో పోట్లాడొద్దు, పారిపోవద్దు, కూర్చుని చూడమన్నారు. మొదటిసారి అయిదేసి నిమిషాలకి రాసుకున్నాను: ఎనిమిది, తొమ్మిది, తొమ్మిది, ఏడు, అయిదు, మూడు. అరగంటలో దిగిపోయింది. అది దిగుతుందని ముప్పై నాలుగేళ్లకి తెలిసింది నాకు. రాత్రి డ్యూటీలో నా ఫోను వాచ్‌మన్ దగ్గర పెట్టేసి, రెండింటికి ఆయనతో కలిసి టీ, ఉప్మా. ఇంట్లో చార్జరు హాల్లోకి మారింది.

2023 సంక్రాంతికి జారాను. ఇల్లంతా చుట్టాలు, నాన్న లేని రెండో సంక్రాంతి. ఒకప్పుడైతే ఎలాగూ పోయిందని వారమంతా అందులోనే ఉండేవాణ్ని. ఈసారి ఫీడర్ ట్రిప్పయితే, లోపాన్ని పట్టి లైను ఆపించే రిలేల్లో ఏది పనిచేసిందో చూసినట్టు, ఆ పూటే నోటుబుక్కు తీశాను.

ఫిబ్రవరిలో మా ఆవిడకి చెప్పాను. ఆమె అడిగిన మొదటి మాట, "నాలో ఏం తక్కువైందండీ?" అని. ఏమీ లేదు, నీతో పెళ్లికి ముందే ఉంది, నీ వల్ల కాదు అని చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. పిల్లాణ్ని తీసుకుని తణుకు వెళ్లి పదిహేను రోజులు పుట్టింట్లో ఉంది. వచ్చాక కూడా నా ఫోను బోర్లా ఉంటే చూపు అటే పోతుంది. పోనివ్వాలి.

లైన్‌మన్ బాబాయ్‌కి కూడా చెప్పాను. చాలాసేపు బీడీ కాల్చి, "ఫోనెత్తు అబ్బాయ్, అదొక్కటీ చాలు నాకు" అన్నాడు. ఆ రైతుకి మాత్రం ఇంకా చెప్పలేదు.

ఇప్పుడు రెండు నెలలకోసారి విజయవాడ వెళ్తున్నా. డాక్టరుగారు మందు తగ్గిస్తూ వస్తున్నారు. వచ్చేసారి మా ఆవిడ కూడా వస్తానంది. మేడంని అడగాల్సినవి కొన్ని ఉన్నాయట. ఏమిటవని నేను అడగలేదు.